డాబా మీద గొట్టాల్లో స్పిరులినా: విశాఖ ఎండకు, ఉక్కకు తగిన సొంత ఏర్పాటు

మొదటిసారి పైపు చుట్ట బిగించి నీళ్లు ఎక్కిస్తుంటే పక్కింటి మావయ్యగారు బట్టలు ఆరేయడానికి మేడెక్కారు. చుట్టలు తిరిగిన పైపు, పైన డబ్బా, గుడగుడమని బుడగలు. "ఏటి బావూ ఇది? సారా బట్టీ గానీ పెట్టావా ఏటి?" అన్నారు. రెండు వారాలకు నీళ్లు ముదురాకుపచ్చకు తిరిగాక నమ్మారు, అది పాచి పెంచే యంత్రమేనని.

ముందే ఒక మాట. ఇక్కడ చెప్పేది స్పిరులినా అనే తినదగ్గ నాచును నీళ్ల గొట్టంలో పెంచే ఏర్పాటు, 16 లీటర్లది. బాగా నడిచినా రోజుకు ఒకటి, ఒకటిన్నర గ్రాముల ఎండు స్పిరులినాకు మించి రాదు. పొడి తాగాలన్నదే ఉద్దేశమైతే కొనుక్కోవడమే చవక. చేపల తొట్టిలో గప్పీలకు మేత కావాలన్నా, పిల్లలకు కిరణజన్య సంయోగక్రియను కళ్లెదుట చూపాలన్నా, చేత్తో ఏదో ఒకటి కట్టి నడపాలన్న దురద ఉన్నా మాత్రం ఇది సరైన పని.

బయట దొరికే ప్లాన్లు చాలావరకు చలి దేశాల వాళ్లవి. వాళ్ల బాధంతా వెలుతురు ఎలా పెంచాలి, నీటిని ఎలా వెచ్చబెట్టాలి అన్నదే. విశాఖలో వ్యవహారం తలకిందులు. వెలుతురుకు కొదవలేదు. మన శత్రువులు రెండు: గొట్టంలో నీరు వేడెక్కడం, గొట్టం లోపలి గోడకు పాచి అంటుకోవడం. కింద ఏ కొలత ఎందుకు అలా పెట్టానని అనుమానం వస్తే, ఈ రెంటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది.

స్పిరులినాయే ఎందుకు

స్పిరులినాను నాచు అంటున్నాం గానీ శాస్త్రం ప్రకారం అది సయనోబాక్టీరియా, అంటే వరి రైతులకు తెలిసిన నీలి ఆకుపచ్చ నాచుకు బంధువు. 30 నుంచి 35 డిగ్రీల నీరు దానికి హాయి. 20 కంటే తగ్గితే పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. 38 దాటితే ఇబ్బంది పడుతుంది, 40 దాటి గంటలు గడిస్తే చస్తుంది. మన ఊరికి ఇంతకంటే సరిపోయేది లేదు. పైగా పీహెచ్ 9 నుంచి 10.5 దాకా ఉండే, వంట సోడా కలిపిన క్షార నీటిలో పెరుగుతుంది కాబట్టి వేరే పాచి, పురుగు అందులో చొరబడటం కష్టం.

క్లోరెల్లా అనే మరో నాచు పెంచుదామని అనేవాళ్లు ఒక సంగతి గమనించాలి. దాని కణం 2 నుంచి 10 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). గుడ్డలోంచి నీళ్లతో పాటు జారిపోతుంది, గిర్రున తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రం లేనిదే చేతికి రాదు. స్పిరులినా మెలికలు తిరిగిన దారంలా ఉంటుంది, గుడ్డ మీద నిలుస్తుంది.

చెరువులోంచో కుంటలోంచో పచ్చనీళ్లు తెచ్చి మొదలుపెట్టకండి. అలాంటి నీటిలో మైక్రోసిస్టిస్ అనే విషపు నాచు ఉండొచ్చు. దాని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పచ్చగా ఉన్నదల్లా స్పిరులినా కాదు.

సామాను

ప్రధానమైనది ఒక అంగుళం లోపలి వ్యాసం ఉన్న ట్రాన్స్‌పరెంట్ పీవీసీ పైపు, ఆహార పదార్థాలకు పనికొచ్చే రకం, 20 మీటర్లు. మేస్త్రీలు లెవెల్ చూసే పైపు లాంటిదే, కాస్త లావుది. జాయింట్లు లేకుండా ఒకే ముక్క అడిగి తీసుకోండి, ఎందుకో కడిగేటప్పుడు తెలుస్తుంది. ఒక అంగుళం పైపు మీటరుకు అర లీటరు పడుతుంది, కనుక 20 మీటర్లకు 10 లీటర్లు. రెండంగుళాలది తీసుకుంటే నీరు చిక్కబడ్డాక వెలుతురు మధ్య దాకా వెళ్లదు. అరంగుళం అయితే పాచి పట్టి పూడిపోతుంది.

మూతున్న 10 లీటర్ల ప్లాస్టిక్ బకెట్ ఒకటి, దాని అడుగున బిగించడానికి ఒక అంగుళం ట్యాంక్ నిపుల్, ముప్పావు అంగుళం పైపు మీటరున్నర, ప్లాస్టిక్ టీ (మూడు మూతుల జాయింటు), ఒక ఎల్బో (వంపు జాయింటు), నీళ్లు వదలడానికి బాల్ వాల్వ్, హోస్ క్లిప్పులు, టెఫ్లాన్ టేప్. ఇవి ఏ శానిటరీ షాపులోనైనా దొరుకుతాయి. నిపుల్ గానీ వాల్వ్ గానీ ఇత్తడిది వద్దు. ఇత్తడిలో రాగి ఉంటుంది, రాగి నాచుకు విషం. చెరువుల్లో పాచి చంపడానికి మైలుతుత్తం చల్లేది అందుకే.

గాలికి అక్వేరియం ఎయిర్ పంపు చాలు. నిమిషానికి 5 లీటర్ల గాలి, ఒత్తిడి 0.02 మెగాపాస్కల్ అని డబ్బా మీద ఉండాలి. అంటే రెండు మీటర్ల లోతు నీటిని నెట్టగలదని. చిన్న తొట్లకు వాడే బుల్లి పంపులు మీటరు లోతుకే చేతులెత్తేస్తాయి. దానికి సన్న సిలికాన్ ట్యూబు, నాన్‌రిటర్న్ వాల్వ్ తప్పనిసరి.

నీటిని తిప్పడానికి కూలర్లలో వాడే సబ్‌మర్సిబుల్ పంపు పెడదామని అందరికీ అనిపిస్తుంది, నాకూ అనిపించింది. దాని రెక్కలు స్పిరులినా దారాలను ముక్కలు చేస్తాయి, ముక్కలైనవి గుడ్డలోంచి జారిపోతాయి. గాలితో ఎత్తడమే మేలు.

చట్రం, చుట్ట

చట్రానికి సరుగుడు బాదులు గానీ, గట్టి పీవీసీ పైపులు గానీ ఆరు, ఒక్కొక్కటి 85 సెంటీమీటర్లు. 70 సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ ముక్కలు రెండు తీసుకుని, వాటి మీద 60 సెంటీమీటర్ల వ్యాసంతో వృత్తం గీసి, సమాన దూరంలో ఆరు రంధ్రాలు చేయండి. బాదులు నిలబెట్టి కింద ఒకటి, పైన ఒకటి బిగిస్తే చట్రం సిద్ధం. బకెట్ పై ప్లైవుడ్ మీద కూర్చుంటుంది. ఆ ప్లైవుడే మిట్టమధ్యాహ్నం చుట్టకు గొడుగు.

చుట్టను పడుకోబెట్టకుండా నిలువుగా కట్టడానికి కారణం ఉంది. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలోనూ, ఆగస్టు తొలి రోజుల్లోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. డాబా మీద పరిచిన పైపుకు ఆ ఎండంతా తగులుతుంది. నిలువు చుట్టకు పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడతాయి, మధ్యాహ్నపు ఎండ దాదాపు తప్పిపోతుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, అప్పుడు పక్క నుంచి ఎండ బాగా దొరుకుతుంది. మనకు కావలసింది అదే.

ఇప్పుడు చుట్ట. 60 సెంటీమీటర్ల వ్యాసానికి ఒక చుట్టు సుమారు 1.9 మీటర్లు, 20 మీటర్లకు పదిన్నర చుట్లు. చుట్టుకీ చుట్టుకీ 6 సెంటీమీటర్ల తేడా ఉంటే 65 సెంటీమీటర్ల ఎత్తులో సరిపోతుంది. వాలు ఎక్కడా తెగకూడదు. దానికి తేలిక ఉపాయం: మొదటి బాదు మీద నేల నుంచి 75 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టండి. రెండో బాదు మీద 74, మూడో దాని మీద 73, అలా ఒక్కో సెంటీమీటరు తగ్గించండి. ఆరు బాదులు తిరిగి మొదటిదానికి వచ్చేసరికి 69. ప్రతి గుర్తు దగ్గర కేబుల్ టైతో బిగించండి, పైపు నొక్కుకుపోయేంత గట్టిగా కాదు.

పైపును ముందు గంటసేపు ఎండలో పడేస్తే మెత్తబడి మాట వింటుంది. మధ్యలో ఎక్కడైనా పైపు వేలాడి గుంట పడితే దాని పక్క మిట్టలో గాలి ఇరుక్కుంటుంది, ప్రవాహం ఆగుతుంది. నా మొదటి చుట్టలో నాలుగో వరుస జారి రెండు రోజులు ఏం జరిగిందో తెలియక తల పట్టుకున్నాను.

గాలితో నీరు ఎత్తడం

బకెట్ అడుగు నిపుల్‌కు చుట్ట పై కొస తగిలించండి. నీరు చుట్ట వెంట మెల్లగా దిగి కింది కొసకు వస్తుంది. అక్కడ నేలకు 5 సెంటీమీటర్ల ఎత్తులో టీ. టీకి ఒక వైపు చుట్ట, పైవైపు ముప్పావు అంగుళం నిలువు పైపు, మూడో వైపు బాల్ వాల్వ్. టీకి కాస్త పైన నిలువు పైపులో సన్న రంధ్రం చేసి గాలి నిపుల్ బిగించండి. నిలువు పైపు చట్రం పక్కగా పైకి వెళ్లి, ఎల్బోతో వంగి, నీటిమట్టానికి కాస్త పైన బకెట్ పక్క గోడలోని రంధ్రం గుండా లోపలికి వెళ్తుంది.

గాలి కలిసిన నీరు తేలికవుతుంది. చుట్టలోని బరువైన నీరు దాన్ని పైకి నెడుతుంది. కిటుకంతా ఇంతే. అందుకే ఎత్తు పిసినారిగా వాడాలి: ఎల్బో వంపు, నిలువు పైపు మూతి బకెట్‌లోని నీటిమట్టానికి మూడు, నాలుగు సెంటీమీటర్ల పైనే ఉండాలి. ఎత్తు పెరిగినకొద్దీ వచ్చే నీరు తగ్గుతుంది. బకెట్ 10 లీటర్లది, అందులో ఐదున్నర లీటర్లే పోస్తాం. నీటిమట్టం నేలకు సుమారు మీటరు ఎత్తులో ఉంటుంది.

బకెట్ మూత గాలి చొరకుండా బిగించకండి. పగలు నాచు వదిలే ఆక్సిజన్ బయటకు పోయే దారి అదొక్కటే. గొట్టంలో ఆక్సిజన్ పేరుకుంటే పెరుగుదల కుంటుపడుతుంది. మూత సందులకు మాత్రం సన్న వల కట్టండి. నిలవ నీరు కనిపిస్తే దోమలు వదలవు, డెంగీ రోజుల్లో మేడ మీద కొత్త తొట్టి పెట్టామన్న మాట మనకొద్దు.

పంపును నీటిమట్టం కంటే ఎత్తులో, వాన తడవని చోట పెట్టండి. కరెంటు పోయినప్పుడు నీరు సన్న ట్యూబులోకి వెనక్కి వచ్చి పంపును పాడు చేయకుండా నాన్‌రిటర్న్ వాల్వ్ కాపాడుతుంది, ఎత్తు రెండో కాపలా. ప్లగ్గుకు వెళ్లే వైరు ఒకచోట కిందికి వేలాడేలా వదిలితే తడి వైరు వెంట ప్లగ్గు దాకా పోదు.

ముందు ఉత్త నీళ్లతో

ఒక రోజంతా మామూలు నీళ్లతో తిప్పండి. కారుతోందా చూడండి. తర్వాత బకెట్ నిపుల్ దగ్గర రెండు చుక్కల మిఠాయి రంగు వేసి, ఆ రంగు కింద టీ దగ్గరకు ఎంతసేపటికి వచ్చిందో ఫోనులో టైము చూసుకోండి. మూడు, నాలుగు నిమిషాలైతే నిమిషానికి మూడు లీటర్ల చొప్పున తిరుగుతోందన్నమాట, భేషుగ్గా ఉంది. పది నిమిషాలు పడితే నిలువు పైపు మూతి ఎత్తు తగ్గించండి, గుంటలున్నాయేమో వెతకండి.

నీరు, లవణాలు

సముద్రం పక్కనే ఉంది కదా, ఆ నీరు వాడొచ్చా అని అందరూ అడుగుతారు. వద్దు. సముద్రపు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం మన సోడాతో కలిసి తెల్లగా విరిగిపోతాయి. తీరం దగ్గరి ఉప్పు బోరు నీటితోనూ ఇదే తంటా. ఏసీ నుంచి కారే నీరు శుభ్రంగానే కనిపిస్తుంది, మన ఉక్కకు బకెట్లకొద్దీ వస్తుంది కూడా, కానీ అది చాలా ఏసీల్లో రాగి చుట్టల మీదుగా వచ్చే నీరు. ఆర్‌ఓ నీరు మేలు. కుళాయి నీరైతే ఒక రోజు గాలి పంపు పెట్టి ఉంచండి, క్లోరిన్ పోతుంది.

ప్రపంచమంతా వాడేది జరూక్ మీడియం, అంటే స్పిరులినాకు మేతగా లవణాలు కలిపిన నీరు. 16 లీటర్లకు లెక్క కడితే: వంట సోడా 270 గ్రాములు, సోడియం నైట్రేట్ 40, పొటాషియం సల్ఫేట్ 16, అయోడిన్ లేని ఉప్పు 16, డైపొటాషియం ఫాస్ఫేట్ 8, మెగ్నీషియం సల్ఫేట్ 3.2, ఈడీటీఏ (ఇనుమును నీటిలో కరిగి ఉండేలా పట్టి ఉంచే రసాయనం) 1.3, కాల్షియం క్లోరైడ్ 0.64, అన్నభేది (ఇనుము ఉన్న ఫెర్రస్ సల్ఫేట్) 0.16 గ్రాములు. వంట సోడా అంటే బైకార్బొనేటే, చాకలి సోడా కాదు. సోడియం నైట్రేట్ దొరక్కపోతే డ్రిప్ రైతులు వాడే 13-0-45 ఎరువు (పొటాషియం నైట్రేట్) 48 గ్రాములు, ఫాస్ఫేట్‌కు బదులు 0-52-34 ఎరువు (మోనోపొటాషియం ఫాస్ఫేట్) ఆరుంబావు గ్రాములు వేయొచ్చు. ఎరువులతో పెంచింది చేపలకే, మనుషులకు కాదు. ఎరువుల్లో సీసం, కాడ్మియం లాంటివి ఉండే వీలుంది, వాటిని స్పిరులినా పీల్చుకుంటుంది.

అన్నభేదిని, ఈడీటీఏని విడిగా గ్లాసెడు నీటిలో కరిగించి కలపండి. కాల్షియం క్లోరైడ్ వేరే గ్లాసులో, అన్నిటికంటే చివర. అన్నీ ఒకేసారి గుమ్మరిస్తే ఇనుము మట్టిలా అడుగున కూర్చుంటుంది. గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు కొనక తప్పదు.

మదర్ కల్చర్

స్పిరులినా సాగు చేసేవాళ్ల దగ్గర గానీ, కల్చర్ కలెక్షన్ల (నాచు రకాలను బతికించి ఉంచే సంస్థల) నుంచి గానీ బతికున్న మదర్ కల్చర్, అంటే విత్తనంగా వాడే స్పిరులినా నీరు, తెచ్చుకోవాలి. పొడి మొలవదు. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో నీలి ఆకుపచ్చ నాచుల కేంద్రం ఉంది. యూనివర్సిటీ బోటనీ విభాగాల్లో తెలిసినవాళ్లుంటే అడిగి చూడండి.

లీటరు కల్చర్ తెచ్చి నేరుగా 16 లీటర్లలో పోయడమే కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు. పలచటి కల్చర్‌కు ఎండ తగిలితే ఒక్కరోజులో తెల్లబడి చస్తుంది. చిక్కగా ఉన్నప్పుడు ఒక దారానికి మరో దారం నీడనిస్తుంది, పలచగా ఉంటే నీడే ఉండదు. కిటికీ దగ్గర సీసాలో లీటరును రెండు చేయండి, చిక్కబడ్డాక రెండును నాలుగైదు చేయండి. ఒక్కో రెట్టింపుకు మూడు, నాలుగు రోజులు పడుతుంది. ఐదు లీటర్ల చిక్కటి కల్చర్ చేతిలో ఉంటేనే గొట్టంలోకి ఎక్కించండి. తొలి వారం చుట్ట చుట్టూ షేడ్‌నెట్ రెండు మడతలు వేయండి.

వేడి

నేను ఒక ఏప్రిల్‌లో షేడ్‌నెట్ లేకుండా నడిపాను. గాలి 33 డిగ్రీలున్న రోజున గొట్టంలో నీరు 41 చూపించింది. మర్నాటికి పచ్చరంగు పసుపుగా మారి, నీచు వాసన కొట్టింది. అంతా పారబోశాను.

తడి గోనెపట్టా కప్పితే చల్లబడుతుందిగా అంటారు. రాయలసీమలో బాగా పని చేస్తుందేమో. ఇక్కడి గాలిలో తేమ అంత ఉంటే నీరు ఆవిరైతే కదా చల్లబడటానికి. ఉక్కపోత రోజున మన చెమటే ఆరదు. కాబట్టి ఇక్కడ మందు నీడే. మార్చి నుంచి జూన్ దాకా 50 శాతం షేడ్‌నెట్, పడమర వైపు రెండు మడతలు. సాయంత్రం ఎండ అటు నుంచే వస్తుంది, పడమటి గాలి వీచిన రోజుల్లో సముద్రపు గాలి మనల్ని కాపాడదు. సిమెంటు డాబా కాలి ఆ వేడి కింద నుంచి కూడా తగులుతుంది, చట్రం కింద తెల్ల టైల్సో థర్మాకోలో వేయండి. అప్పటికీ 38 దాటితే మధ్యాహ్నం బకెట్‌లో ఒక ఐస్ సీసాను, దాని మూత బిగించి, ముంచండి. జనవరిలో ఇవేవీ అక్కర్లేదు, తెల్లవారుజామున నీరు 20 దగ్గరకు పడి పెరుగుదల మందగిస్తుంది, అంతే.

రోజువారీ చూపు, కోత

పొద్దున్నే థర్మామీటరు, నీటిమట్టం. ఆవిరైనంత ఆర్‌ఓ నీరు పోయాలి, మీడియం కాదు. పీహెచ్ కాగితంతో వారానికి రెండుసార్లు చూడండి. నాచు బైకార్బొనేట్ తింటున్నకొద్దీ పీహెచ్ పెరుగుతుంది, 9 నుంచి 10.5 దాకా ఎక్కితే సంతోషమే. 11 వైపు పోతుంటే కొంత నీరు తీసి కొత్త మీడియం పోయండి. పంపు రాత్రి కూడా నడవాలి. ఆగితే స్పిరులినా పైకి తేలి గడ్డకడుతుంది. ఐదారు వాట్ల పంపే కాబట్టి కరెంటు బిల్లు మీద టెన్షన్ లేదు.

చిక్కదనం కొలవడానికి ఒక పుల్ల చివర తెల్ల ప్లాస్టిక్ బిళ్ల అంటించి, పుల్ల మీద సెంటీమీటర్లు గీయండి. మగ్గులో కల్చర్ తీసి బిళ్లను ముంచండి. మూడు సెంటీమీటర్ల లోపే బిళ్ల కనబడకుండా పోతే కోతకు వచ్చినట్టు. ఐదు దాటాక కూడా కనిపిస్తే ఇంకా పలచన. పొద్దున ఎండ ముదరక ముందు, బాల్ వాల్వ్ తిప్పి నాలుగు లీటర్లు తీసి, స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ల దగ్గర దొరికే 120 నంబరు (సెంటీమీటరుకు 120 దారాల) పాలిస్టర్ మెష్‌లో వడకట్టండి. దాని కన్నాలు 50 మైక్రాన్లకు లోపే. కారిన నీరు మళ్లీ బకెట్‌లోకే. గుడ్డ మీద మిగిలిన ముద్దను మంచినీటితో కడిగి చేపలకు వేయండి, మిగిలితే సన్న తీగలుగా పిండి నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టండి. మన తేమకు ఒక్క పూటలో ఆరదు, ఫ్యాను పెట్టకపోతే కుళ్లుతుంది.

గొట్టం కడగడం

నాలుగైదు వారాలకు లోపలి గోడకు ఆకుపచ్చ పొర పడుతుంది. వెలుతురు ఆ పొర దగ్గరే ఆగిపోతుంది, నీటిలోని నాచు ఆకలితో మాడుతుంది. కల్చర్‌ను డబ్బాలోకి దించి, గిన్నెలు తోమే మెత్తటి స్పాంజిని గొట్టం కంటే కొంచెం లావుగా గుండ్రంగా కత్తిరించి, పై కొసలోంచి దూర్చి, కుళాయి పైపు తగిలించి నీరు వదలండి. ఒత్తిడికి స్పాంజి పదిన్నర చుట్లూ తిరిగి, పొరనంతా గీక్కుంటూ కింది కొసలోంచి ఊడిపడుతుంది. జాయింటు లేని పైపు తెమ్మన్నది ఇందుకే. జాయింటు ఉంటే స్పాంజి అక్కడే ఇరుక్కుంటుంది, నేను ఇనప తీగతో గంట సేపు పీకాను. ఎండకు పైపు కొన్నాళ్లకు పసుపెక్కి మసకబారుతుంది. స్పాంజి తిప్పినా తెల్లబడకపోతే మార్చే రోజు వచ్చినట్టే.

పాత మీడియం మొక్కలకు పోయకండి. అందులో నత్రజని ఉంది నిజమే గానీ అంతకంటే సోడియం ఎక్కువ, కుండీ మట్టి గట్టిపడి మొక్క ఎండిపోతుంది. నీళ్లు బాగా కలిపి డ్రైనేజీలోకి వదలండి.

తుఫాను కబురు వస్తే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊరి మేడల మీద నీళ్ల ట్యాంకులే ఎగిరిపోయాయి. 16 కిలోల నీటి బరువు చట్రాన్ని ఆపుతుందనుకోవద్దు. అక్టోబరు, నవంబరుల్లో చట్రాన్ని పిట్టగోడకు రెండుచోట్ల కట్టి ఉంచండి. హెచ్చరిక రాగానే షేడ్‌నెట్ ముందు విప్పాలి, గాలికి అదే తెరచాప. కల్చర్‌ను డబ్బాల్లోకి దించి ఇంట్లోకి తెచ్చి, చట్రం పడుకోబెట్టండి. కరెంటు రోజుల తరబడి రాకపోవచ్చు, కాబట్టి వెడల్పు బేసిన్లలో రెండు, మూడంగుళాల లోతున పోసి, కిటికీ దగ్గర పెట్టి, వచ్చేపోయేటప్పుడు గరిటెతో కలుపుతుండండి. తుఫాను ఉన్నా లేకపోయినా ఒక లీటరు సీసా మాత్రం ఏడాది పొడుగునా వంటింటి కిటికీలో విడిగా ఉంచండి. డాబా మీదిది ఏ కారణంతో చచ్చినా మళ్లీ విత్తనం అదే.